జ్ఞాపకం నిలిచేదెలా?

చిన్ననాడు ఖుర్‌ఆన్ కంఠస్థం చేసిన హాఫిజ్ సాబ్ తల నెరిశాక కూడా రంజాన్ తరావీహ్‌లో ముప్పై పారాలూ చూడకుండా వినిపిస్తారు. అదే పెద్దాయన నిన్న కలిసిన మనిషి పేరు కోసం తడుముకుంటారు. ఇదెలా?

మెదడులో కణతల లోపలివైపు హిప్పోకాంపస్ అనే చిన్న భాగముంది. కొత్త సంగతులు జ్ఞాపకాలుగా మారడానికి అది అవసరం. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి ఆ భాగాన్ని రెండువైపులా చాలావరకు తొలగించారు. బాల్యం గుర్తుంది కానీ, 2008లో మరణించేదాకా కొత్తగా కలిసినవారిని ఆయన గుర్తుంచుకోలేకపోయారు. పాత జ్ఞాపకాలు ఎక్కువగా మెదడు పైపొరలో స్థిరపడతాయని శాస్త్రజ్ఞులు గ్రహించారు.

అలా స్థిరపడడానికి రెండు కావాలి: మంచి నిద్ర, మననం. ఒక విషయాన్ని తలచుకున్నకొద్దీ నాడీకణాల మధ్య బంధం గట్టిపడుతుంది. ఒక్కసారి బట్టీపట్టి వదిలేస్తే త్వరగా మరచిపోతామని 1885లోనే జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ చూపించారు. పాత పాఠాన్ని రోజూ తిరిగి వినిపించే హిఫ్జ్ పద్ధతిలోని బలం ఇదే. బడిలో మేము పిల్లలకు చెప్పేదీ ఇదే.

వయసు పెరిగితే కొత్తవి నేర్వడం నెమ్మదిస్తుంది, పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతాయి. ఇది సహజం. కానీ తెలిసిన దారి తప్పడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, డబ్బు లెక్క తేలకపోవడం కనిపిస్తే వయసని సరిపెట్టుకోకుండా వైద్యునికి చూపించాలి. బి12 లోపం, థైరాయిడ్, మనోవ్యాకులత వల్ల వచ్చే మరపు చికిత్సతో తగ్గవచ్చు.

2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం మతిమరుపు వ్యాధికి దారితీసే 14 కారణాలను పేర్కొంది. వాటన్నిటినీ తొలగించగలిగితే సుమారు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని అంచనా వేసింది. రక్తపోటు, షుగరు, పొగతాగడంతోపాటు చిన్నతనంలో చదువు లేకపోవడం, వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం అందులో ఉన్నాయి.

దాతలు చేయగలిగింది ఇక్కడే ఉంది. ఒక పేద ఆడపిల్ల చదువుకు మనమిచ్చే ఫీజు, ఆమె ముసలితనంలోని జ్ఞాపకాలకు కూడా రక్షణ. ఒక వృద్ధునికి కొనిచ్చే వినికిడి యంత్రం అతన్ని మళ్లీ నలుగురిలో కలుపుతుంది. సరిగా వినపడని మాట గుర్తెలా ఉంటుంది?

ఇక పైసా ఖర్చులేని సేవ ఒకటుంది. తల్లిదండ్రులను విసుక్కోవద్దని ఖుర్‌ఆన్ మనకు నేర్పింది. సాయంత్రం దాదీజాన్ పక్కన కూర్చుని ఆమె చిన్ననాటి ముచ్చట్లు అడుగుదాం. వందసార్లు విన్న కథే కావచ్చు. చెప్పుకోవడం ఆమెకు మననం, వినడం మన బాధ్యత.