ఘాట్ రోడ్డులో బండి లాగాలంటే...

ప్రశ్న: మాది పాడేరు దగ్గర పల్లె. కూరగాయల బస్తాలతో నా 100 సీసీ బండి ఘాట్ ఎక్కలేకపోతోంది. వెనక పెద్ద స్ప్రాకెట్ వేయిస్తే లాగుతుందా? మైలేజీ పడిపోతుందా?

జవాబు: లాగుతుంది. వెనక పళ్లను ముందు పళ్లతో భాగించి చూడండి. ముందు 14, వెనక 42 ఉంటే నిష్పత్తి 3. అంటే ముందు స్ప్రాకెట్ మూడుసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. వెనక 45 వేస్తే నిష్పత్తి 3.21 అవుతుంది. లాగే బలం సుమారు 7 శాతం పెరుగుతుంది, అదే ఆర్‌పీఎంలో వేగం దాదాపు అంతే తగ్గుతుంది. ఇంజిన్ శక్తి మాత్రం మారదు. చదును రోడ్డుపై ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది కాబట్టి మైలేజీ కొంత తగ్గవచ్చు.

ముందు 13 వేసినా ఫలితం దాదాపు ఇదే, ఖర్చు తక్కువ. కానీ చిన్న స్ప్రాకెట్ మీద చైన్ ఎక్కువ వంగి త్వరగా అరుగుతుంది. వెనకది పెంచితే పొడవాటి చైన్ అవసరం కావచ్చు. పాతవి అరిగి ఉంటే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చండి.

అన్నిటికంటే ముందు క్లచ్ జారుతోందేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూపించండి. లోపం అక్కడుంటే స్ప్రాకెట్ మార్చినా అది పోదు.