ఆ తొమ్మిదిమందీ గీత దాటారు

మీ స్కూలు ఆటల పోటీల్లో 800 మీటర్ల పరుగు చూసే ఉంటారు. గీత దాటిన కుర్రాడు నాలుగడుగులు వేసి గడ్డిమీద వెల్లకిలా పడుకుంటాడు. రొప్పుతుంటాడు. మనమెవరమూ కంగారుపడం. "కాసిని నీళ్ళివ్వండిరా" అంటాం, అంతే. ఇదే దృశ్యాన్ని 1928లో కొందరు మరోలా చూశారు.

ఆ ఏడు ఆగస్టు 2న ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీల 800 మీటర్ల ఫైనల్ జరిగింది. స్త్రీలకు పరుగుపందాలు పెట్టడం ఒలింపిక్స్‌లో అదే మొదలు. గెలిచినామె లీనా రాడ్కే. 1903లో జర్మనీలోని కార్ల్‌స్రూహేలో పుట్టింది. భర్త గేయోర్గ్ ఆమెకు శిక్షకుడు. 2 నిమిషాల 16.8 సెకండ్లలో పరుగు ముగించి కొత్త ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెకనుకు ఎన్ని మీటర్లో మీరే లెక్క కట్టండి, 5.8 దాటుతుంది. ఆమె వెనుకనే, సెకను కూడా తేడా లేకుండా, జపాన్‌కు చెందిన కినూయె హితోమి వచ్చింది.

మరునాటి పత్రికలు రికార్డును వదిలేసి, పరుగు తర్వాత నేలమీద పడుకున్నవారిని పట్టుకున్నాయి. పదకొండుమంది పరుగెత్తారనీ, ఐదుగురు మధ్యలోనే మానేశారనీ ఒక విలేకరి రాశాడు. నిజానికి పరుగెత్తింది తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ పూర్తిచేశారు. స్త్రీల శరీరం ఇంత శ్రమకు తట్టుకోదని తేల్చేశారు! స్త్రీలు ఒలింపిక్స్‌లోకి రావడమే ఇష్టంలేని పెద్దలు అప్పటికే ఉన్నారు; ఆధునిక ఒలింపిక్స్‌కు మూలపురుషుడైన కూబెర్తా కూడా వారిలో ఒకరు. 1932 నుంచి ఆ పందెం తీసేశారు.

ఇప్పుడు మన పాఠానికి వద్దాం. గ్లూకోజు ఆక్సిజన్‌తో చర్య జరిపినప్పుడు శక్తి విడుదలవుతుందని శ్వాసక్రియ పాఠంలో చదివారు. 800 మీటర్ల పరుగులో గుండె, ఊపిరితిత్తులు ఎంత కష్టపడినా కండరాలు అడిగినంత ఆక్సిజన్ అందదు. ఆ లోటు పూడ్చడానికి కండరాలు ఆక్సిజన్ లేకుండానే కొంత గ్లూకోజును విడగొడతాయి. అప్పుడు లాక్టేటు తయారవుతుంది, కండరంలో ఆమ్లత్వం పెరుగుతుంది, కాళ్ళు సీసంలా బరువెక్కుతాయి. కొట్లో ఖాతా రాయించి సరుకులు తెచ్చుకున్నట్టే ఇది. పరుగయ్యాక రొప్పుతూ ఆ బాకీ తీరుస్తాం. లాక్టేటు చెత్త కాదు సుమా. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం మళ్ళీ గ్లూకోజుగా మారుస్తుంది.

మరి పడుకోవడమెందుకు? పరుగెత్తేటప్పుడు పిక్కల కండరాలు సిరలను నొక్కుతూ రక్తాన్ని పైకి పంపుతుంటాయి. చటుక్కున ఆగి నిలబడితే ఆ నొక్కుడు ఆగుతుంది. రక్తం కాళ్ళలో నిలిచిపోయి తల తిరుగుతుంది. పడుకుంటే గుండె, కాళ్ళు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి గనుక రక్తం తేలికగా గుండెకు చేరుతుంది. ఆడవారికైనా మగవారికైనా ఇదే జరుగుతుంది.

ఇది అప్పట్లో ఎవరికీ తెలియదా అంటే, అదీ కాదు. కండరాలు పనిచేసే తీరును శోధించినందుకు హిల్, మేయర్‌హోఫ్‌లకు ఇచ్చినది 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి! ఆ శాస్త్రవేత్తలను ఎవరైనా ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

స్త్రీల 800 మీటర్లు తిరిగి వచ్చింది 1960లో, రోమ్ ఒలింపిక్స్‌లో. సోవియట్ యూనియన్‌కు చెందిన షెవ్‌త్సోవా 2 నిమిషాల 4.3 సెకండ్లలో గెలిచింది. అప్పటికి లీనాకు 56 ఏళ్ళు. హితోమి ఆ రోజు చూడలేదు. 1931లో, సరిగ్గా ఆగస్టు 2నే, 24 ఏళ్ళకే కన్నుమూసింది. లీనా 1983 ఫిబ్రవరి దాకా జీవించింది. ఆ జూలైలోనే చెకొస్లొవేకియాకు చెందిన క్రాతొఖ్విలోవా ఈ దూరాన్ని 1 నిమిషం 53.28 సెకండ్లలో పరుగెత్తింది.

ఒక పని చేయండి. కూర్చుని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తారో లెక్కపెట్టండి. 200 మీటర్లు పరుగెత్తి, మెల్లగా నడుస్తూ, ప్రతి నిమిషమూ మళ్ళీ లెక్కించండి. మొదటి అంకెకు రావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే కాగితంమీద రాయండి.