పట్టేసిన ఇంజిన్‌ను తిప్పగలిగినవాడే ట్రాక్టర్ మెకానిక్

పదో తరగతి అయ్యాక ఐటీఐ వైపు చూసే పిల్లల్లో ఎక్కువమంది అడిగేది ఎలక్ట్రీషియన్ సీటు, లేదంటే ఫిట్టర్ సీటు. మెకానిక్ ట్రాక్టర్ అనే ట్రేడ్ ఒకటుందని కొందరికి తెలియనే తెలియదు. ఇంట్లో ట్రాక్టర్ ఉన్న పిల్లవాడు కూడా దాన్ని నడపడం తన పని, విప్పడం మరొకరి పని అనుకుంటాడు. దేశంలో ఇటీవల ఏటా 8 లక్షలకు పైగా కొత్త ట్రాక్టర్లు అమ్ముడవుతున్నాయి. అంతకు ఎన్నో రెట్లు పాత బండ్లు పొలాల్లో తిరుగుతున్నాయి. వారంటీ తీరిన బండి షోరూమ్‌కి వెళ్లడం తక్కువ. ఊరికి దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ ఎవరుంటే అక్కడికే వెళ్తుంది. అలాంటి మెకానిక్ దొరకడమే ఇప్పుడు కష్టంగా ఉంది.

ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లకు ఉద్యోగాల సంగతి చెప్పే ముందు ఒక పని గురించి వివరంగా చెప్పాలి. ఏళ్ల తరబడి కదలక పట్టేసిన పాత ఇంజిన్‌ను మళ్లీ తిరిగేలా చేయడమే ఆ పని. ఆయిల్ మార్చడం, ఫిల్టర్ బిగించడం ఎవరైనా తొందరగానే నేర్చుకుంటారు. పట్టేసిన ఇంజిన్ దగ్గర ఆ తొందర పనికిరాదు. లోపల ఏం జరిగి ఉంటుందో బయటి నుంచే ఊహించాలి, ఊహ సరైనదో కాదో ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఈ కింది వివరం చదువుతుంటే మీకు ఉత్సాహం కలిగితే ఈ ట్రేడ్ మీకు సరిపోతుంది. విసుగు పుడితే వేరే ట్రేడ్ ఎంచుకోండి, అందులో తప్పేమీ లేదు.

మూడు సిలిండర్ల మాసీ 1035 ఒకటి రెండు వానాకాలాలు చెట్టు కింద నిలబడిపోయిందనుకుందాం. నిలువు సైలెన్సర్‌కి పైన మూత లేదు. వాన నీళ్లు గొట్టంలోంచి మానిఫోల్డ్‌లోకి, అక్కడి నుంచి తెరుచుకుని ఉన్న వాల్వు గుండా సిలిండర్‌లోకి దిగుతాయి. రింగులూ లైనరూ పోత ఇనుమువే. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బే రింగును లైనర్ గోడకు అతికించేస్తుంది. ఇంజిన్ ఆగినప్పుడు ఏ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉంటే నీళ్లు దాంట్లోకే పోతాయి కాబట్టి, మూడింటిలో ఒకటి మాత్రమే పట్టేసి మిగతా రెండూ శుభ్రంగా ఉండడం తరచూ చూస్తాం. ఆ ఒక్కటే క్రాంకు మొత్తాన్ని బిగబట్టేస్తుంది.

అందుకే రైతును మొదట అడగాల్సిన ప్రశ్న: "నడుస్తూ నడుస్తూ ఆగిందా, ఆపి పెట్టాక పట్టేసిందా?" దమ్ములో కేజ్‌వీల్స్‌తో తిరుగుతూ రేడియేటర్‌లో నీళ్లు అయిపోయి ఆగిన ఇంజిన్ కథ వేరు. అక్కడ వేడికి అల్యూమినియం పిస్టన్ ఉబ్బి లైనర్‌ను గీరేసి ఉంటుంది. ఆయిల్ లేక ఆగితే బేరింగ్ షెల్ కరిగి క్రాంకుకు అంటుకుని ఉండొచ్చు. వాటికి నూనె పోసి ఎదురుచూడడం వల్ల ఒరిగేదేమీ లేదు, విప్పాల్సిందే. నిలబడి తుప్పుపట్టిన ఇంజిన్‌కే ఓపిక మందు పనిచేస్తుంది.

ఆ తర్వాత, పట్టేసింది నిజంగా ఇంజినేనా అన్నది తేల్చుకోవాలి. గేరు న్యూట్రల్‌లో ఉందా? సెల్ఫ్ మోటారు పినియన్ ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కుందా? ఫ్యాన్ బెల్టు తీసేస్తే డైనమో, వాటర్ పంపు స్వేచ్ఛగా తిరుగుతున్నాయా? సెల్ఫ్ విప్పి పక్కన పెట్టగానే చక్కగా తిరిగే ఇంజిన్లు ఉంటాయి. ఈ చిన్న పరీక్షలు చేయకుండా హెడ్డు విప్పేవాడు రైతు డబ్బునూ తన సమయాన్నీ పాడుచేస్తాడు.

ఇక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. నాజిళ్లు మూడూ విప్పి ఆ రంధ్రాల్లోంచి టార్చి వేసి చూడాలి. తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే సన్నని గొట్టంతో లాగేయాలి. పైన రాకర్ కవర్ తీసి వాల్వులు ఒక్కొక్కటే కొట్టి చూడాలి. బిగుసుకున్న వాల్వు ఒక్కటున్నా, ఇంజిన్ తిరిగిన మరుక్షణం పుష్‌రాడ్ వంగుతుంది. కాబట్టి రాకర్ షాఫ్టు ముందే వదులు చేసుకోవాలి. అప్పుడు ఒక్కో సిలిండర్‌లో డీజిల్, పలుచని ఆయిల్ కలిపి పోయాలి. విదేశాల్లో పాత ట్రాక్టర్లను ప్రేమించేవాళ్లు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌లో అసిటోన్ కలుపుతారు. అది ఇట్టే అంటుకునే ద్రవం, మన రేకుల షెడ్డుల్లో పక్కనే వెల్డింగ్ నడుస్తుంటుంది కాబట్టి దాని జోలికి పోకండి.

పోశాక ప్రతిరోజూ మట్టం చూడాలి. ఏ సిలిండర్‌లో నూనె దిగిపోతోందో అక్కడ రింగుల పక్కన దారి ఉన్నట్టు. ఏది దిగకుండా నిలబడిందో దాన్ని ముందుగా అనుమానించాలి. కొన్ని ఇంజిన్లు రెండు రోజుల్లో వదులుతాయి, కొన్ని వారాలు తీసుకుంటాయి. ఈలోగా ముందు భాగంలో క్రాంకు పుల్లీ బోల్టుకు పెద్ద సాకెట్టు తగిలించి, పొడవాటి బారుతో మెల్లగా అటూ ఇటూ కదిలించి చూస్తూ ఉండాలి. వెంట్రుకవాసి కదిలిందంటే అక్కడే ఆగి వెనక్కి తిప్పాలి, మళ్లీ కాస్త ముందుకు. అలా తుప్పు కొద్దికొద్దిగా పొడిగా రాలి, నూనె ఇంకా లోపలికి పోతుంది. కదిలింది కదా అని ఒక్క ఊపున తిప్పేస్తే ఆ పొడే రింగుల్ని విరిచేస్తుంది.

ఊళ్లలో ఇంకో పద్ధతి ఉంది. మరో ట్రాక్టర్‌కు గొలుసు కట్టి, పట్టేసిన బండిని టాప్ గేరులో పెట్టి లాగుతారు. పదిమంది చుట్టూ చేరి కేకలు వేస్తారు, ఒక్కోసారి తిరుగుతుంది కూడా. కానీ సిలిండర్‌లో మిగిలిన ద్రవం కుదించుకుపోదు, దాని మీదికి పిస్టన్ వచ్చిందంటే కనెక్టింగ్ రాడ్డే వంగాలి. రింగులతో పోవాల్సిన పని రాడ్డు, పిస్టన్, క్రాంకు దాకా పోతుంది. రైతు ఎంత తొందరపెట్టినా ఈ పనికి ఒప్పుకోకండి.

నూనెకు లొంగకపోతే హెడ్డు తీయాలి, కింద ఆయిల్ ఛాంబర్ విప్పాలి, ఆ సిలిండర్ రాడ్డు క్యాపు వదులు చేసి, పిస్టన్ మీద గట్టి చెక్క దిమ్మ పెట్టి సుత్తితో కొట్టాలి. ఇనుప రాడ్డు పెట్టి కొడితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. హెచ్ఎంటీ జెటర్ 2511 లాంటి వాటిలో ఉండే వెట్ లైనర్‌కు బయటి వైపు నీళ్లు తిరుగుతుంటాయి, కింద రబ్బరు సీళ్లు ఉంటాయి. దెబ్బకు లైనరే కదిలితే ఆ సీళ్లు పాడై నీళ్లు ఛాంబర్‌లోకి దిగుతాయి. విప్పే ముందు ఆ ఇంజిన్ మాన్యువల్ ఒకసారి చదవడం ఇందుకే.

ఇంజిన్ తిరిగిందంటే సగం పనే అయిందని లెక్క. పోసిన డీజిల్ కిందికి దిగి ఛాంబర్‌లోని ఆయిల్‌ను పలుచన చేసి ఉంటుంది, అదంతా మార్చాలి. లైనర్ గోడలో గుంటలు ఎంత లోతున పడ్డాయో, బోరు ఎంత అరిగిందో బోర్ గేజీతో కొలిచి, రింగులు చాలా, లైనర్ పిస్టన్ సెట్టు వేయాలా అన్నది నిర్ణయించాలి. నాజిళ్లు బిగించకముందే, స్టాప్ లాగి ఉంచి ఒకసారి తిప్పి లోపలి ద్రవమంతా బయటికి చిమ్మించాలి. ఆ సమయంలో రంధ్రాల ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

చాలామంది మర్చిపోయే విషయం డీజిల్ పంపు. ఇంజిన్‌తో పాటు అదీ ఏళ్లుగా కదల్లేదు. లోపలి ర్యాక్ ఫుల్ డీజిల్ దగ్గర బిగుసుకుని ఉంటే, స్టార్టయిన ఇంజిన్ స్టాప్ లాగినా ఆగదు, వేగం పెరుగుతూ పోయి పగిలిపోయే దాకా వెళ్తుంది. పంపు కదులుతోందో లేదో ముందే చూడాలి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి లాగే గొట్టానికి సరిపడే చెక్క పలక పట్టుకుని ఒకరు సిద్ధంగా ఉండాలి. అదుపు తప్పితే గాలి మూసేయడమే దాన్ని ఆపే దారి. అరచేతితోనో గుడ్డతోనో మూసే ప్రయత్నం ఎప్పుడూ చేయొద్దు.

ఈ పనిలో కొలవడం ఐటీఐలో నేర్పుతారు. మైక్రోమీటర్, వెర్నియర్, బోర్ గేజీ, టార్క్ రెంచి పట్టుకోవడం అక్కడ అలవాటవుతుంది. వినడం, చేతితో తడిమి తెలుసుకోవడం షెడ్డులో పెద్ద మేస్త్రీ పక్కన నిలబడితేనే వస్తాయి. షెడ్డులోనే పెరిగిన కుర్రాళ్లు వేలితో తడిమి బోరు బాగుందంటారు. సర్టిఫికెట్ మాత్రమే ఉన్నవాళ్లు గేజీ చదువుతారు గానీ బోల్టు ఎక్కడ విరగబోతోందో పసిగట్టలేరు. నా సలహా ఒక్కటే: ఐటీఐలో చేరండి, ఆ ఏడాదే సాయంత్రాలూ సెలవులూ ఒక మంచి షెడ్డులో గడపండి.

మెకానిక్ ట్రాక్టర్ ట్రేడ్ ఏడాది కోర్సు, పదో తరగతి పాసైతే చాలు. డీజిల్ మెకానిక్ కూడా ఏడాదే. మెకానిక్ అగ్రికల్చరల్ మెషినరీ రెండేళ్లు. మీ జిల్లాలో మొదటిది లేకపోతే మిగతా రెండింటిలో ఏది ఉన్నా తీసుకోవచ్చు, డీజిల్ ఇంజిన్ మూలసూత్రాలు అన్నిట్లోనూ ఒకటే. కోర్సు అయ్యాక అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు. ఆర్టీసీ డిపోలు డీజిల్ మెకానిక్ చదివినవాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. రోజూ ఎన్నో డీజిల్ ఇంజిన్లకు మరమ్మతులు జరిగే చోటు అది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు అర్హమైన ఐటీఐ ట్రేడ్లలో ట్రాక్టర్ మెకానిక్, డీజిల్ మెకానిక్ రెండూ ఉంటాయని కూడా చాలామందికి తెలియదు. దానికి కంటిచూపు ప్రమాణాలు కఠినం కాబట్టి ముందే పరీక్ష చేయించుకోండి.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ శాఖ నడిపే దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఇలాంటివి దేశంలో నాలుగే. మిగతావి బుద్నీ, హిస్సార్, విశ్వనాథ్ చారియాలిలో ఉన్నాయి. యంత్రాల వాడకం, మరమ్మతుల మీద అక్కడ స్వల్పకాలిక కోర్సులు నడుస్తాయి. ఇంకా చదవాలనుకుంటే వ్యవసాయ ఇంజినీరింగ్‌లో డిప్లొమా, ఆపైన బాపట్ల, సంగారెడ్డి జిల్లా కంది కాలేజీల్లో బీటెక్ ఉన్నాయి. ఫ్యాక్టరీ ఉద్యోగం ఇష్టమైనవాళ్లకు జహీరాబాద్‌లో 2013లో మొదలైన మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు ఉంది. లైనర్లు, క్రాంకుల పని నేర్వాలంటే విజయవాడ ఆటోనగర్ లేత్ వర్క్‌షాపులను మించిన బడి లేదు.

అమ్మాయిలకు ఈ పని బరువనే మాట వింటుంటాం. బరువెత్తేది చైన్ బ్లాకు, బోల్టు వదిలించేది పొడవాటి బారు. పైన చెప్పిన పనంతటిలో బలం కంటే నిదానమే ఎక్కువ కావాలి, ఆ నిదానం ఉన్న అమ్మాయిలు సందేహించకుండా చేరవచ్చు.

పాత ఇంజిన్ల దగ్గరే ఆగిపోకండి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. ఆ ట్రాక్టర్లలో కామన్ రైల్, ఈసీయూ అనే కంట్రోల్ కంప్యూటర్, సెన్సార్లు ఉంటాయి, తప్పు ఎక్కడుందో చూడాలంటే స్కానర్ పెట్టాలి. వైరింగ్ డయాగ్రం చదవడం ఇప్పుడే నేర్చుకుంటే పదేళ్ల తర్వాత ఇబ్బంది పడరు. వరదల తర్వాత వచ్చే పని కూడా గమనించండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో, మున్నేరు పొంగి ఖమ్మంలో ఎన్నో బండ్లు మునిగాయి. వరద తగ్గగానే సెల్ఫ్ కొట్టిన బండికి రాడ్డు వంగే ప్రమాదం ఉంది. ముందు నాజిళ్లు విప్పి నీళ్లు తోడిన బండికి అంత ఖర్చు రాదు.

సొంత షెడ్డు పెట్టుకునేవాళ్లకు ముద్ర రుణాలు ఉన్నాయి. స్వయం ఉపాధికి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ పథకం కింద సేవారంగంలో 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టవచ్చు, పల్లెల్లో సబ్సిడీ శాతం ఎక్కువ. కానీ మొదటి రోజే పెద్ద అప్పు వద్దు. మంచి పానాల సెట్టు, సాకెట్లు, టార్క్ రెంచి, బోర్ గేజీ, గట్టి స్టాండ్లు ఉంటే మొదలుపెట్టవచ్చు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి.

ఇక మిగిలింది కూలి సంగతి. పట్టేసిన ఇంజిన్‌కు ముందే మొత్తం ఇంత అని ఒప్పుకుంటే మీరైనా నష్టపోతారు, రైతైనా నష్టపోతాడు. పనిని విడగొట్టి చెప్పండి. "బాబాయ్, ముందు నూనె పోసి పది రోజులు చూస్తాను, దానికి ఇంత. తిరక్కపోతే హెడ్డు తీయాలి, అప్పుడు ఇంత. లైనర్లు పోతే వాటి ఖర్చు వేరు, విప్పాక నువ్వే వచ్చి చూడు." ఆయన వచ్చి చూసేదాకా కొత్త సామాన్లు కొనొద్దు. బిల్లులు ఆయన పేరునే రాయించండి. విప్పిన పాత రింగులు, లైనర్లు ఒక సంచిలో వేసి బండితో పాటే అప్పగించండి.