ఎల్లలెరుగని నీరు

విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్ళ వద్ద ఒక మహాతటాకాన్ని నిర్మింపజేసి, క్రీ.శ. 1369లో సంస్కృత శాసనం వేయించాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళపాటు శ్రమించగా ఆ చెరువు పూర్తయిందని శాసనం తెలుపుతున్నది. శాసనాలంటే దానాలూ బిరుదులూ మాత్రమేనని భావించేవారికి ఈ శాసనం ఆశ్చర్యం కలిగిస్తుంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు సాధనాలను, ఉండరాని ఆరు దోషాలను ఇందులో పేర్కొన్నారు. కట్ట నుండి నీరు ఊరడం, నేల చవుడుగా ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపువలె మెరక ఉండడం, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై సాగుభూమి తక్కువ కావడం అన్నవి ఐదు దోషాలు. మిగిలినది, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం.

ఐదు దోషాలు నేలకూ నీటికీ సంబంధించినవి. ఈ ఒక్కటి మాత్రం మనుషులకు సంబంధించినది. మన్ను, రాయి, వాలు అన్నీ అనుకూలించినా, ఇరుపక్కల ఉన్నవారు కలసిరాకపోతే చెరువు నిలవదని ఆనాటి నిర్మాతలు ఎరుగుదురు. ఎరిగి, అటువంటి చోటు విడిచిపెట్టమన్నారు. విడిచిపెట్టే వెసులుబాటు మనకు లేదు.

పోరుమామిళ్ళకు పడమరగా, అనంతపురం జిల్లా ఉత్తర భాగాన గుంతకల్లు ఉన్నది. చెన్నై, ముంబయి, బెంగళూరు, బళ్ళారి, గుంటూరు వైపుల నుండి వచ్చే రైలుమార్గాలు ఇక్కడ కలుస్తాయి. మనుషులను, సరుకులను ఇంతగా కలిపే ఈ కూడలికి వానమబ్బు మాత్రం అరుదైన అతిథి. పడమటి కనుమలు నైరృతి పవనాలను అడ్డగిస్తాయి. ఈశాన్య పవనాలు తూర్పు తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పల్లెల్లో వేరుసెనగ పండితేనే పట్టణంలో అంగళ్ళు కళకళలాడతాయి. పండని ఏడు పల్లెవాసులు బెంగళూరుకు వలసపోతారు. కనుక పట్టణం వేరు, పల్లె వేరు అన్న లెక్క కాగితం మీదనే చెల్లుతుంది.

ఈ సీమలోని పాత చెరువులలో చాలా వరకు గొలుసుకట్టు చెరువులే. పై ఊరి చెరువు నిండి మరువ పారితే, ఆ నీరు వంకగుండా దిగువ ఊరి చెరువును చేరుతుంది. పై ఊరివారు మరువను రెండు అడుగులు ఎత్తు చేసుకుంటే దిగువ చెరువు ఎండుతుంది. పై చెరువు కట్ట తెగితే దిగువ చెరువుకు ముప్పు. తూము తెరిచి మూసే నీరుగంటి ఒక ఊరివాడే కావచ్చు, ఆ నీటి ప్రయాణం మాత్రం ఒక ఊరిది కాదు. నేటి గ్రామపంచాయతీల ఎల్లలు ఈ గొలుసును చూసి గీచినవి కావు.

భూమిలోపలి నీటి సంగతి మరింత సున్నితమైనది. ఇక్కడి కఠినశిలల పగుళ్ళలో దాగిన స్వల్పజలానికి గట్లు తెలియవు. ఒకరు మూడువందల అడుగులకు బోరు వేస్తే, పక్కవారు నాలుగువందల అడుగులకు వేస్తారు. ఇద్దరి అప్పూ పెరుగుతుంది, నీరు పెరగదు. ఈ పోటీకి విరుగుడుగా 2003లో ఆరంభమై ఆ దశాబ్ది చివరివరకు ఒక ప్రయత్నం జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురంతో సహా ఏడు కరవు జిల్లాలలోని ఆరువందలకు పైగా గ్రామాలలో రైతులే భూగర్భజలాన్ని కొలిచారు. ఒకే వాగు పరీవాహక ప్రాంతంలోని ఊళ్ళన్నింటినీ ఒక్క జట్టుగా పరిగణించారు. వానను వర్షమాపకంతో కొలిచి, బావులలో నీటిమట్టాన్ని క్రమంగా నమోదు చేసి, రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పైరుకు కావలసినదెంత అని లెక్క కట్టారు. వరి వద్దని ఎవరూ శాసించలేదు. లెక్క చూసి పైరు మార్చుకోవడం రైతు ఇష్టానికే వదిలారు. అక్షరాలు అంతగా రానివారు సైతం అంకెలతో వాదించగల స్థితికి రావడం ఈ పథకంలో నాకు కనిపించిన గొప్పతనం.

రాష్ట్రాల మధ్య శాసనకారుడు చెప్పిన దోషానికి ఇదివరకే ఒక మందు కనుగొన్నారు. హోస్పేట వద్ద 1953లో పూర్తయిన తుంగభద్ర జలాశయం కర్ణాటకలో ఉన్నది. దాని ఎగువ కాలువ బళ్ళారి ప్రాంతం దాటి అనంతపురం జిల్లాకు వస్తుంది, దాని నుండి గుంతకల్లు శాఖాకాలువ చీలుతుంది. ఈ ఉమ్మడి నీటిని పంచడానికి 1953 నాటి ఆంధ్రరాష్ట్ర చట్టాన్ని అనుసరించి తుంగభద్ర బోర్డు ఏర్పడింది. అయినా కష్టాలు తీరలేదు. మొదట సుమారు 133 టి.ఎం.సి.లుగా ఉన్న జలాశయ సామర్థ్యం, పూడిక వల్ల నేడు సుమారు 105 టి.ఎం.సి.లకు తగ్గింది. పైన ఎక్కడో చెట్టు కొట్టిన కొండవాలు మన్ను, ఇక్కడి కాలువ చివరి మడిలో నీటి కొరతగా తేలుతున్నది. 2024 ఆగస్టులో పందొమ్మిదవ గేటు కొట్టుకుపోయినప్పుడు, ఎల్లకు ఇరువైపులా ఉన్న రైతులు ఒకే ఆందోళనతో ఆ గేటు వైపు చూశారు.

మరి పల్లెకూ పల్లెకూ, పల్లెకూ పట్టణానికీ మధ్య బోర్డు ఏది? 74వ రాజ్యాంగ సవరణ అందుకు జిల్లా ప్రణాళికా సంఘాన్ని కల్పించింది. జిల్లాలోని పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ ఉమ్మడిగా ఉన్న విషయాలను, నీటి పంపకం సహా, దృష్టిలో ఉంచుకొని అభివృద్ధి ప్రణాళికను కూర్చడం దాని విధి. మన రాష్ట్రంలో ఇందుకు 2005లో చట్టం వచ్చింది. సంఘ సభ్యులలో ఐదింట నాలుగు వంతులకు తగ్గకుండా ఎన్నికైనవారే ఉండాలి. వారిని జిల్లా పరిషత్తు సభ్యులు, పురపాలక సభ్యులు తమలో నుండి ఎన్నుకుంటారు. ఈ ఏర్పాటులో గుంతకల్లు పట్టణ సభ్యునికీ, చుట్టుపక్కల మండలాల జిల్లా పరిషత్తు సభ్యునికీ ఒకే బల్ల ముందు చోటు దొరకవచ్చు. అది చిన్న విషయం కాదు. కానీ తన చెరువు మరువ ఏ ఊరివైపు పారుతుందో, ఏ వంక ఎక్కడ ఆక్రమణకు గురైందో కళ్ళారా చూసిన గ్రామ సర్పంచికి ఆ ఎన్నికలో ఓటు లేదు, ఆ బల్ల ముందు నేరుగా కుర్చీ కూడా లేదు. అతని మాట జిల్లా పరిషత్తు సభ్యుని నోటిద్వారానే అక్కడికి చేరాలి.