కెమెరా, కలం, కార్ఖానా: ఎమీ డిల్విన్ జీవితం

కిందటేడు మా కాలేజీ గోడపత్రికలో నేనొక కథ రాశాను. నాట్లు వేసే కూలి తల్లి తన బతుకు తానే చెప్పుకుంటున్నట్టు రాసిన కథ. చదివినవాళ్లు బాగుందన్నారు. హాస్టల్లో నా పక్క గది మిత్రుడు మాత్రం ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత మెస్సులో అన్నం తింటూ అడిగాడు: "మా అమ్మ నాట్లకి పోతుంది. మీకు పొలం ఉంది. కూలి ఇచ్చేది మీ నాన్న. మా అమ్మ నోటితో మాట్లాడ్డానికి నీకెవరిచ్చార్రా హక్కు?"

నాకు ముద్ద దిగలేదు. జవాబూ దొరకలేదు.

ఆ మాట మా ఇంగ్లీషు మాస్టారితో అంటే ఆయన ఒక పేరు చెప్పారు: ఎమీ డిల్విన్. వేల్సు దేశపు నవలా రచయిత్రి. డికెన్సూ, హార్డీ తెలిసిన మనకి ఈమె పేరు తెలియదు. మాస్టారు ఆమె నవల పునర్ముద్రణ ఒకటి తెప్పించి ఇచ్చారు. అది చదివాక ఆమె జీవితం గురించి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

కెమెరా ఉన్న ఇల్లు

వేల్సు దక్షిణ తీరంలో ఉంది స్వాన్సీ. పందొమ్మిదో శతాబ్దంలో రాగి, జింకు కరిగించే కొలుములతో రాత్రింబవళ్లు పొగ కక్కిన ఊరు. అక్కడి కలవారి కుటుంబంలో 1845 మే 16న ఎమీ పుట్టింది. తండ్రి లూయిస్ లెవెలిన్ డిల్విన్ జింకు కార్ఖానా యజమాని. 1855 నుంచి చనిపోయేదాకా స్వాన్సీ తరఫున లిబరల్ పార్లమెంటు సభ్యుడు.

ఆ ఇంటికి ఫోటోగ్రఫీ చుట్టరికం మీద వచ్చింది. 1839లో కాగితం మీద ఛాయాచిత్రం తీసే పద్ధతిని లోకానికి ప్రకటించిన ఫాక్స్ టాల్బట్, ఎమీ పెద్దమ్మకి పుట్టింటివైపు బంధువు. పెదనాన్న జాన్ డిల్విన్ లెవెలిన్ ఒడ్డున విరిగే అలని కూడా కదలకుండా పట్టగలిగాడు. ఆ ఫోటోలకు 1855 పారిస్ ప్రదర్శనలో గౌరవం దక్కింది.

మేనత్త మేరీ డిల్విన్ వేల్సులో కెమెరా పట్టిన తొలి స్త్రీలలో ఒకరు. ఆ రోజుల్లో ఫోటో అంటే మెడ బిగబట్టి, కళ్లార్పకుండా కూర్చోవడం. మేరీ చిన్న కెమెరా వాడింది. దానికి ఎక్కువసేపు వెలుగు అక్కర్లేదు. అందుకే ఆమె బొమ్మల్లో పిల్లలు పిల్లల్లా ఉంటారు, నవ్వు మొహాలు కనిపిస్తాయి. 1853 ప్రాంతంలో ఆమె తీసిన మంచుబొమ్మ ఫోటో అటువంటివాటిలో ప్రపంచంలోనే మొదటివాటిలో ఒకటంటారు. 1857లో ఒక మతాచార్యుణ్ణి పెళ్లాడింది. ఆ తర్వాత కెమెరా పక్కన పెట్టేసింది. మన ఇళ్లల్లో పెళ్లితో మూలపడ్డ వీణలు ఎన్ని లేవు!

మేరీ చూపు ఎక్కువగా ఇంటివాళ్ల మీద, స్నేహితుల మీద, పూల మీద, పక్షుల మీద నిలిచింది. ఆ ఇంటి ప్రహరీ బయట మరో లోకం ఉంది. దాన్ని చూసింది మేనకోడలు, కలంతో.

గేట్లు కూలిన రాత్రులు

1839 నుంచి 1843 వరకు పశ్చిమ వేల్సులో రైతులు తిరగబడ్డారు. రోడ్లన్నీ టర్న్‌పైక్ ట్రస్టుల చేతుల్లో ఉండేవి. ప్రతి మలుపులో ఒక గేటు, ప్రతి గేటు దగ్గర సుంకం. పులిసిన నేలకి సున్నం చల్లకపోతే పంట రాదు. సున్నం బండి ఇల్లు చేరేలోగా సున్నం ఖరీదుకి మించి సుంకాలు కట్టాల్సి వచ్చేది. దాంతో రైతులు ఆడవాళ్ల బట్టలు కట్టుకుని, మొహాలకి మసి పూసుకుని, రాత్రిపూట గేట్లు నరికారు. నాయకుణ్ణి "రెబెకా" అనేవారు. శత్రువుల గుమ్మాలు రెబెకా సంతతి వశమవుతాయని బైబిల్లో ఉన్న మాట నుంచి వచ్చిన పేరది.

1843 సెప్టెంబరు 6 రాత్రి పొంటార్‌దులైస్ గేటు దగ్గర పోలీసులు కాపు కాశారు. కాల్పులు జరిగాయి. జాన్ హ్యూస్ అనే రైతు యువకుడు దొరికిపోయాడు. ఇరవై ఏళ్ల ద్వీపాంతరం పడింది. ఆ రాత్రి పోలీసుల పక్కన నిలబడ్డ మేజిస్ట్రేట్లలో లూయిస్ డిల్విన్ ఉన్నాడు. అంటే ఎమీ తండ్రి! మరుసటి ఏడు ప్రభుత్వం చట్టం చేసి ట్రస్టుల్ని కలిపేసి, సుంకాల భారం తగ్గించింది.

1880లో ఎమీ తన మొదటి నవల వేసింది, "ది రెబెకా రయటర్". కథ చెప్పేది మేజిస్ట్రేటు కాదు, మేజిస్ట్రేటు కూతురూ కాదు. ఎవాన్ విలియమ్స్ అనే పేద కుర్రాడు, గేట్లు కూల్చినవాడు, శిక్షపడి సముద్రాలు దాటినవాడు. తండ్రి ఎవరికెదురుగా నిలబడ్డాడో, కూతురు వాడి నోటితో మాట్లాడింది.

చదువుతుంటే నాకు రెండు సంగతులు తోచాయి. ఎవాన్ కోపానికి కారణాలు ఆమె దాచలేదు. అయితే వాడికి చదువు చెప్పి దారి చూపేది మళ్లీ ఒక దొరల పిల్లే. ఆ చోట ఎవాన్ గొంతులో రచయిత్రి గొంతు వినిపిస్తుంది. నా కూలి తల్లి గొంతులో నా గొంతు వినిపించినట్టే.

కార్ఖానా పరీక్ష

ఎమీ సొంత జీవితం తేలిగ్గా నడవలేదు. 1864లో పెళ్లి దగ్గరపడ్డాక వరుడు మశూచితో పోయాడు. ఆమె మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు. ఆలివ్ టాల్బట్ అనే స్నేహితురాలి మీద ప్రేమని ఏళ్ల తరబడి డైరీలో రాసుకుంది. ఆరు నవలల దాకా ప్రచురించింది. "స్పెక్టేటర్" పత్రికకి పేరు లేకుండా సమీక్షలు రాసింది.

1892లో తండ్రి పోయాడు. హెండ్రెవోయిలన్ భవనం మగ వారసుడికే చెందాలన్న షరతు ఉంది కాబట్టి ఆమెకి దక్కకుండా పోయింది. ఆమెకి మిగిలింది జింకు కార్ఖానా, దానితో పాటు లక్ష పౌండ్లకి పైగా అప్పు. నలభై ఏడేళ్ల వయసు, ఉండటానికి ఇల్లు లేదు. దివాలా ప్రకటిస్తే ఎవరూ తప్పుపట్టరు. కానీ దాన్ని నమ్ముకుని మూడు వందల మంది పనివాళ్లున్నారు. ఆమె అద్దె గదుల్లో ఉంటూ, ఖర్చులు బిగించి, రోజూ కార్ఖానాకి వెళ్లి లెక్కలు చూసింది. పదేళ్లకి అప్పు తీరింది. చుట్ట కాలుస్తుందని ఊరంతా వింతగా చెప్పుకుంది. 1911లో స్వాన్సీలో ఒక పెద్ద బట్టల దుకాణంలో కుట్టుపని చేసే స్త్రీలు సమ్మె చేస్తే వాళ్ల పక్షాన మాట్లాడింది. స్త్రీల ఓటుహక్కుకి నిలబడింది. 1935 డిసెంబరు 13న, తొంభయ్యో ఏట కన్నుమూసింది.

ఆమె యజమానిగానే బతికింది, దాన్ని కప్పిపుచ్చక్కర్లేదు. కానీ ఎవాన్ గొంతుతో రాసిన పన్నెండేళ్లకి, పనివాళ్ల కూడు తన చేతిలో పడ్డప్పుడు మొహం చాటెయ్యలేదు. నవల రాసినంత మాత్రాన హక్కు రాదు. తర్వాత ఏం చేశామన్న దాన్ని బట్టి ఆ హక్కు మనకి దక్కుతుంది, లేకపోతే పోతుంది.

ఇంకో ముచ్చట. స్వాన్సీ యూనివర్సిటీ కాలేజీ 1973లో దక్షిణ వేల్సు గని కార్మికుల గ్రంథాలయం స్థాపించింది. కార్మికులు తమ జీతాల్లోంచి పైసా పైసా వేసి కొనుక్కున్న పుస్తకాలవి. ఆ గ్రంథాలయం తర్వాత చేరింది ఎక్కడికనుకున్నారు? ఎమీ ఖాళీ చేసి వెళ్లిన హెండ్రెవోయిలన్ ఆవరణకే.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లి నా కథ మా నాన్నకి చదివి వినిపించాను. ఆడకూలికీ మగకూలికీ అంత తేడా ఎందుకని అడిగాను. "చదువుకుని చెడ్డావు" అన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కూలి లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వే చూసి చెప్పు" అన్నారు. ఇంకా తెమల్లేదు.

హాస్టల్‌కి వచ్చాక మిత్రుడికి ఇదంతా చెప్పాను. వాడు విని, "సరే, వానాకాలం నాట్లప్పుడు చూద్దాం" అన్నాడు.