మారేడుమిల్లి ఘాట్‌లో ఎవరైనా అడ్డగించి బెదిరిస్తే? ఫోన్‌లో ఆన్ చేసుకోవాల్సిన సెట్టింగ్స్, తెలిసి ఉండాల్సిన చట్టం

వానలు మొదలైతే చాలు, రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి బైకులు బారులు తీరతాయి. జలతరంగిణి, అమృతధార, గుడిస, బొంగులో చికెన్, ‘పుష్ప’ షూటింగ్ స్పాట్లు. ఈ ట్రిప్ గురించి రాయమంటే మామూలుగా ఏ ఫోన్‌లో నైట్ మోడ్ బాగుంటుందో, ఏ యాక్షన్ కెమెరా వానకి తట్టుకుంటుందో రాస్తాం. ఈసారి సబ్జెక్ట్ వేరు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్తుంటే మధ్యలో అడవి, మలుపులు, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అక్కడ తాగి ఉన్న ఒకడు బైక్‌కి అడ్డం నిలబడి ‘డబ్బులు తీయ్’ అన్నాడనుకోండి. అప్పుడు ఏం చేయొచ్చు? ఏం చేస్తే కేసు మన మీదికే తిరుగుతుంది?

ముందు ఫోన్ సంగతి చూద్దాం. సెట్టింగ్స్ అన్నీ ఇంట్లో ఉండగానే చేసుకోవాలి, ఘాట్ ఎక్కాక కాదు.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ గబగబా ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’ అని ఉంటుంది, లేకపోతే సెర్చ్‌లో ‘ఎస్‌ఓఎస్’ అని కొట్టండి. ఐఫోన్‌లో సైడ్ బటన్‌ని, వాల్యూమ్ బటన్‌ని కలిపి నొక్కి పట్టుకోవాలి, లేదా సైడ్ బటన్‌ని గబగబా వరుసగా నొక్కే ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియని విషయం ఏంటంటే, చాలా ఫోన్లు కాల్ వెళ్లే ముందు సైరన్‌లా గట్టిగా కౌంట్‌డౌన్ సౌండ్ చేస్తాయి. ఎదురుగా బీరు సీసా పట్టుకున్నవాడు ఉన్నప్పుడు జేబులోంచి ఆ మోత వస్తే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆండ్రాయిడ్‌లో ఆ అలారం సౌండ్ టాగిల్ ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో ‘కాల్ క్వైట్లీ’ అనే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేయండి. రివ్యూల్లో ఎవరూ పట్టించుకోని సెట్టింగ్ ఇది, కానీ అసలు అవసరం ఇక్కడే.

మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని కనిపిస్తుంటే 112కి ప్రయత్నించండి. దగ్గర్లో వేరే కంపెనీ టవర్ ఉంటే దాని మీద కాల్ వెళ్తుంది. ఏ టవరూ లేకపోతే మాత్రం ఎస్‌ఓఎస్ ఏమీ చేయలేదు, ఆ భ్రమ వద్దు. జీపీఎస్‌కి టవర్‌తో పని లేదు కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే మీరెక్కడున్నారో మీకైనా తెలుస్తుంది. రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద నంబరు కూడా చూసుకుంటూ వెళ్లండి. 112లో మాట్లాడేవాళ్లకి ‘ఏదో జలపాతం దగ్గర’ అంటే అర్థం కాదు, ‘మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఇన్నో కిలోమీటరు’ అంటే అర్థమవుతుంది.

సిగ్నల్ లేదు కదా అని శాటిలైట్ కమ్యూనికేటర్ తెప్పించుకుందామనే ఆలోచన కొందరికి వస్తుంది. వద్దు. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ దగ్గర పెట్టుకోవడం నేరం. 2024 డిసెంబర్‌లో ఇలాంటి ట్రెక్కింగ్ పరికరం బ్యాగులో దొరికినందుకు విదేశీ పర్యాటకుల్ని ఢిల్లీ, గోవా ఎయిర్‌పోర్టుల్లో ఆపేశారు. పెప్పర్ స్ప్రే మామూలుగానే కొనుక్కోవచ్చు. అయితే అవసరం లేనిచోట వాడితే అదే ఆయుధం అవుతుంది. 2024లో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో దాన్ని ప్రమాదకరమైన ఆయుధంగానే చూసింది, ఆత్మరక్షణ అన్న వాదనతో కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు.

ఇప్పుడు చట్టం. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. మీ ఒంటికి ప్రమాదం ఉందన్న భయం, అదీ న్యాయమైన భయం కలిగిన క్షణం నుంచి ఆ హక్కు మొదలవుతుంది. దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. ప్రమాదం పోయిన క్షణమే హక్కు కూడా పోతుంది. మధ్యలో కూడా అవసరానికి మించి కొట్టకూడదు. పోలీసుల సాయం తీసుకునే సమయం ఉంటే ఆ హక్కే ఉండదని సెక్షన్ 37 చెబుతుంది. దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నిటినీ ఒకచోట పెట్టింది. ప్రాణభయంలో ఉన్నవాడు త్రాసు పట్టుకుని దెబ్బలు తూచలేడని కోర్టులకి తెలుసు. తర్వాత తీరిగ్గా తీర్చుకునే పగని మాత్రం అవి ఒప్పుకోవు.

ఘాట్‌లో మన ఉదాహరణకి వద్దాం. వాడు బూతులు తిడుతున్నాడు, అంతే. తిట్టుకి దెబ్బ ఆత్మరక్షణ కాదు. బండి తిప్పుకుని వెళ్లిపోండి. వెళ్లనివ్వకుండా అడ్డుకుంటే అది సెక్షన్ 126 కింద నేరం, చంపుతానని బెదిరిస్తే సెక్షన్ 351. సీసా పగలగొట్టి మీదికొచ్చాడు, తోసేశారు, కిందపడ్డాడు. ఇక్కడిదాకా మీరు చట్టం లోపలే ఉన్నారు. వాడు కిందపడి ఉండగా మీ ఫ్రెండ్ వచ్చి హెల్మెట్‌తో నాలుగు వేశాడు. ఆ నాలుగు దెబ్బలకి మీ ఫ్రెండ్ ముద్దాయి. ఎవరో వీడియో తీసి ఉంటే అందులో మొదటి సగం కట్ అయి, ఈ సగమే వైరల్ అవుతుంది.

పట్టుకుని కట్టేయొచ్చా? మీ కళ్లముందు కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ నేరం చేసినవాణ్ణి మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చని భారతీయ నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 40 అంటుంది. ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. నా మాట అడిగితే, అడవిలో ఈ హీరోయిజం వద్దే వద్దు. ఫోన్ అడిగితే ఇచ్చేయండి, యూపీఐ చేయమంటే చేసేయండి. డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ ఎలాగూ రికార్డులో ఉంటుంది.

అడ్డుకున్నవాడు మఫ్టీలో ఉన్న పోలీసో, ఫారెస్ట్ సిబ్బందో అయితే? 2025 నవంబర్ 18న మారేడుమిల్లి అడవుల్లో జరిగిన ఎన్‌కౌంటర్‌లో మావోయిస్టు నేత హిడ్మా చనిపోయాడు. అలాంటి ప్రాంతంలో తనిఖీలు ఉండటం మామూలే. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగి మీద ఆత్మరక్షణ హక్కు దాదాపు ఉండదు. ప్రాణానికో, తీవ్ర గాయానికో భయం ఉంటే తప్ప. కాబట్టి మర్యాదగా ‘సార్, ఐడీ కార్డు చూపిస్తారా’ అని అడగండి, అనుమానం వస్తే అక్కడే 112కి చేసి కనుక్కోండి.

ఇంకో కోణం ఉంది, నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. కొండ మీద గూడెంలో వాళ్లకి అపరిచితులం మనమే. 2018 జులై 13న హైదరాబాద్ కుర్రాళ్లు కొందరు కర్ణాటకలోని బీదర్ జిల్లాకి కారులో వెళ్లారు. దారిలో పిల్లలకి చాక్లెట్లు పంచారు. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా అని వాట్సాప్‌లో పుకారు పాకింది. వాళ్లు కారులో తప్పించుకున్నా, ఆ మెసేజ్ వాళ్లకన్నా ముందే ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ జనం చుట్టుముట్టారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ చనిపోయాడు, మిగతావాళ్లు గాయాలతో బయటపడ్డారు, అడ్డుపడిన పోలీసులకీ దెబ్బలు తగిలాయి. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్‌లకి పరిమితం చేస్తున్నట్టు ప్రకటించింది.

అందుకే కొండరెడ్ల ఊళ్లలో అడగకుండా పిల్లల్ని, ఇళ్లని వీడియో తీయొద్దు. ఎవరైనా కోపంగా వస్తే కెమెరా దించి, హెల్మెట్ తీసి ముఖం కనిపించేలా నిలబడి ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పండి. ‘అన్నా, తప్పయితే డిలీట్ చేస్తాం’ అన్న ఒక్క మాటతో చాలా గొడవలు అక్కడే ఆగిపోతాయి. మాటా మాటా పెరిగి నలుగురి ముందు తెగ పేరుతో అవమానిస్తే అది 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు.

బయటపడ్డాక ఫిర్యాదుకి మళ్లీ మారేడుమిల్లి స్టేషన్‌కే వెళ్లాలని లేదు. జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. వీడియో ఉంటే ఒరిజినల్ ఫైల్‌ని ఫోన్‌లోనే ఉంచండి. ట్రిమ్ చేయొద్దు, ఫిల్టర్ పెట్టొద్దు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది కంప్రెస్ అయి వేరే ఫైల్ అయిపోతుంది, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద డిజిటల్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి, అందులో ఫైల్ హ్యాష్ వాల్యూ కూడా రాస్తారు. ఒక్క సెకను కట్ చేసినా ఆ హ్యాష్ మారిపోతుంది. ఇన్‌స్టాలో పెట్టే తొందర ఉంటే కేసు ఫైల్ అయ్యేదాకా ఆపుకోండి.

ఫోనే లాక్కుపోతే ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయించాలి. ఆ నంబరు *#06# కొడితే కనిపిస్తుంది, కానీ ఫోన్ మీ దగ్గర ఉన్నప్పుడే. ఇప్పుడే కొట్టి, స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకి పంపేయండి.