చిన్న కారు – పెద్ద వెల

పాఠ్యభాగ ఉద్దేశం: క్రీడలో గెలుపు ఆటగాని నైపుణ్యాన్ని బట్టి ఉండాలా, అతని చేతిలోని పరికరం వెలను బట్టి ఉండాలా అన్న ప్రశ్న నేడు అనేక క్రీడల్లో తలెత్తుతున్నది. రేడియో నియంత్రిత కార్ల పందేలను ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం, విద్యార్థుల్లో వివేచనాశక్తిని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

ఆట మానవుని సహజ ప్రవృత్తి. పసితనంలో చేతికందిన ప్రతి వస్తువూ ఆటవస్తువే. తెలంగాణ పల్లెల్లో పిల్లలు తాటిబుర్రలకు కర్ర గుచ్చి బండి చేసుకొని, దుమ్ము రేగేటట్లు తోసుకుంటూ పరుగులు తీసేవారు. ఆ బండికి వెల లేదు. విరిగితే మరొక తాటిబుర్ర దొరికేది. ఎవరి బండి ముందు పోతుందన్నది తోసేవాని కాళ్ల సత్తువను బట్టి తేలేది. సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాశీ కళాకారులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి బొమ్మలు చేసి రంగులద్దుతారు. ఆ బొమ్మ నిరుడు కొన్నదైనంత మాత్రాన ఈ ఏడు పాతబడదు.

కాలక్రమంలో ఆటవస్తువుల్లోకి విద్యుత్తు, రేడియో తరంగాలు ప్రవేశించాయి. తీగ ఆధారం లేకుండా, దూరం నుండి యంత్రాన్ని నడపవచ్చునని 1898లో నికోలా టెస్లా న్యూయార్క్ నగరంలో ఒక చిన్న పడవ ద్వారా నిరూపించాడు. ఆ సూత్రమే తరువాతి కాలంలో బొమ్మకార్లకు ప్రాణం పోసింది. జపాన్ దేశంలోని షిజువోకా నగరానికి చెందిన టమియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాలో విద్యుత్తుతో నడిచే రేడియో నియంత్రిత కారును విడుదల చేసింది. 1984లో అమెరికాలోని టీమ్ అసోసియేటెడ్ సంస్థ ఆర్‌సి-10 అనే కారును పందేల కోసమే రూపొందించింది. అమెరికాలో ఈ పందేలను పర్యవేక్షించే ‘రోర్’ అనే సంఘం 1967లోనే ఏర్పడింది. ప్రపంచ స్థాయి పోటీలను ‘ఇఫ్‌మార్’ అనే అంతర్జాతీయ సమాఖ్య నిర్వహిస్తున్నది.

కొమురవెల్లి జాతరలో పిల్లలకు కొనిపెట్టే రిమోట్ కారుకూ, పందెపు కారుకూ ఎంతో భేదమున్నది. జాతరలో కొన్న కారు చెడిపోతే దాన్ని పారవేయవలసిందే. పందెపు కారులో ప్రతి భాగాన్నీ మరలు తీసి విడదీయవచ్చు. అరిగిన దాన్ని మార్చి మళ్లీ బిగించవచ్చు. అసలు కారులో పదో వంతో, ఎనిమిదో వంతో పరిమాణం గల ఈ చిన్న వాహనంలో మోటారు, బ్యాటరీ, వేగ నియంత్రకం, చక్రాలను మళ్లించే సర్వో, నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు, డిఫరెన్షియల్ గేర్లు అన్నీ ఉంటాయి. మోటారుకు బిగించిన చిన్న గేరుకు 20 పళ్లు, దానితో కలిసే పెద్ద గేరుకు 80 పళ్లు ఉన్నట్లయితే, పెద్ద గేరు ఒకసారి తిరగడానికి మోటారు నాలుగుసార్లు తిరగాలి. చిన్న గేరు పళ్లు పెంచితే గరిష్ఠ వేగం పెరుగుతుంది. కాని మోటారుపై భారం పెరిగి అది వేడెక్కుతుంది. భౌతికశాస్త్ర పుస్తకంలో చదివిన సూత్రం ఇక్కడ చేతివేళ్లకు అనుభవమవుతుంది. ఇంజనీరింగు కళాశాలల సాంకేతిక ఉత్సవాలలో ఇటువంటి కార్ల పోటీలకు ఆదరణ లభించడానికి ఇదే కారణం.

ఇంతటి విజ్ఞానదాయకమైన క్రీడను వెల అనే సమస్య వెన్నాడుతున్నది. పందెపు కారును చాలా సందర్భాలలో విడిభాగాల రూపంలోనే అమ్ముతారు. పెట్టెలో చట్రం, గేర్లు, సస్పెన్షన్ ఉంటాయి. మోటారు, బ్యాటరీ, ఛార్జరు, వేగ నియంత్రకం, సర్వో, రేడియో పరికరం, తరచుగా టైర్లు కూడా వేరుగా కొనుక్కోవాలి. అందువల్ల పెట్టెపై రాసిన ధర మొదటి మెట్టు మాత్రమే. కారు కొన్న తరువాత కూడా ఖర్చు ఆగదు. టైర్లు అరుగుతాయి, ఢీకొన్నప్పుడు సస్పెన్షన్ భాగాలు విరుగుతాయి, బ్యాటరీల శక్తి నానాటికీ తగ్గుతుంది.

దీనికి తోడు కొత్త నమూనాలు వెంటవెంటనే విడుదలవుతున్నాయి. పైన పేర్కొన్న ఆర్‌సి-10 పరంపరనే గమనించవచ్చు. 2003లో వచ్చిన బి-4 నమూనా చిన్న చిన్న మార్పులతో దాదాపు పదేళ్లు నిలిచింది. 2013లో బి-5 వచ్చింది. మరి మూడేళ్లకే, అంటే 2016లో బి-6 వచ్చింది. ఆ పిమ్మట 6.1, 6.2, 6.3, 6.4 అంటూ దశాంశ సంఖ్యలతో నమూనాలు వెలువడి, ఆపైన బి-7 వచ్చింది. ఇతర సంస్థల ధోరణి కూడా ఇంచుమించు ఇటువంటిదే.

ఇందుకు ఉత్పత్తిదారుల లాభాపేక్ష ఒక్కటే కారణమని చెప్పడం న్యాయం కాదు. పందేల స్వరూపమే మారింది. పూర్వం వదులు మట్టిలో జరిగిన పోటీలు ఇప్పుడు అనేకచోట్ల తివాచీపై, కృత్రిమ పచ్చికపై జరుగుతున్నాయి. మట్టిలో టైరుకు పట్టు చిక్కాలంటే బరువు వెనుక చక్రాలపై ఉండాలి. అందుకే మోటారును వెనుక అమర్చేవారు. పట్టు ఎక్కువగా ఉండే కొత్త ఉపరితలాలపై మోటారు మధ్యలో ఉన్న కారు చురుకుగా మలుపు తిరుగుతుంది. ఆ విధంగా నేల మారడంతో కారు మారింది.

కొన్ని మార్పులు క్రీడకు నిజంగా మేలు చేశాయి కూడా. ఒకప్పుడు 27 మెగాహెర్ట్జ్ వంటి తరంగాలపై నడిచే కార్లలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క క్రిస్టల్ అమర్చవలసి వచ్చేది. ఇద్దరి తరంగం ఒకటైతే కారు అదుపు తప్పి గోడను ఢీకొనేది. 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చిన తరువాత ఆ బెడద తీరింది. భారతదేశంలో ఈ తరంగశ్రేణిని నిర్ణీత శక్తి పరిమితిలో లైసెన్సు లేకుండా వాడుకొనేందుకు 2005లో నిబంధనలు సడలించారు. అదే విధంగా విషపూరితమైన కాడ్మియం గల నికెల్–కాడ్మియం బ్యాటరీల స్థానాన్ని మొదట నికెల్–మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు, తరువాత లిథియం పాలిమర్ బ్యాటరీలు ఆక్రమించాయి. ఇవి తేలికైనవి, శక్తిమంతమైనవి. అయితే వీటికి ప్రత్యేకమైన ఛార్జరు కావాలి. వోల్టేజి మరీ పడిపోకుండా కాపాడే వేగ నియంత్రకం కావాలి. అజాగ్రత్తగా వాడితే మంటలు రేగే ప్రమాదమున్నది. అంటే ఒక కొత్త వస్తువు ఒంటరిగా రాదు, తన వెంట మరి రెండు కొనుగోళ్లను తీసుకొని వస్తుంది.

సిద్దిపేటలో ఇంటర్మీడియట్ చదివే ఒక విద్యార్థి ఈ క్రీడపై మక్కువ పెంచుకున్నాడని ఊహించవచ్చు. పండుగలకు పెద్దలిచ్చిన డబ్బు కూడబెట్టి, వాడిన కారు ఒకటి కొన్నాడు. కారు విరిగితే విడిభాగం సుమారు నూరు కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు నుండి గాని, కొరియరు ద్వారా గాని రావాలి. అతడు నెలల తరబడి సాధన చేసి మలుపుల మెళకువ తెలుసుకొనేసరికి కొత్త నమూనా విడుదలైంది. దానితో పాత నమూనాకు విడిభాగాలు రావడం క్రమంగా తగ్గింది. అతని కారు చెడిపోలేదు. దాని వేగమూ తగ్గలేదు. అయినా అది ‘పాతది’ అయిపోయింది. ఇటువంటి స్థితిలో ఆ విద్యార్థి నిశ్శబ్దంగా క్రీడనుండి తప్పుకుంటాడు. ఇలా ఒక్కొక్కరే తప్పుకోగా, చివరకు కొత్తది కొనగలిగిన కొద్దిమందే మిగులుతారు. పోటీదారులు లేని పందెంలో గెలిచినవానికి మాత్రం దక్కే ఆనందమేమి?

మన దేశంలో ఈ భారం మరికొంత ఎక్కువ. పందెపు కార్లలో అధికభాగం విదేశాలనుండి దిగుమతి కావలసినవే. దేశీయ బొమ్మల పరిశ్రమను ప్రోత్సహించే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం బొమ్మలపై దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుండి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. స్థానిక కళాకారులకు, చిన్న పరిశ్రమలకు ఇది ఊతమిచ్చే నిర్ణయమే. కాని దేశంలో తయారుకాని ప్రత్యేక వస్తువులను కోరుకొనేవారికి అది అదనపు వెలగా పరిణమిస్తుంది.

పరికరం ఆటగానిని మించిపోవడం ఈ ఒక్క క్రీడకే పరిమితం కాదు. 1979లో పెర్త్ టెస్టు మ్యాచ్‌లో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో ఆడడం వివాదానికి దారితీసింది. ఆ తరువాత క్రికెట్ నియమావళిలో బ్యాటు కలపతోనే ఉండాలన్న నిబంధనను చేర్చారు. 2009లో రోమ్ నగరంలో జరిగిన ప్రపంచ ఈత పోటీల్లో పాలియురేథేన్ దుస్తులు ధరించిన ఈతగాళ్లు రికార్డుల వెల్లువ సృష్టించారు. అది ఈతగాళ్ల ఘనతా, దుస్తుల ఘనతా అన్న సందేహం కలిగింది. ఫలితంగా 2010 జనవరి 1 నుండి అటువంటి దుస్తులను నిషేధించారు. అపారమైన ధనంతో నడిచే ఫార్ములా వన్ కార్ల పందేల్లో సైతం 2021 నుండి జట్ల వ్యయానికి పరిమితి విధించారు.

చిన్న కార్ల క్రీడాకారులు కూడా ఈ మార్గాన్ని ఎరుగనివారు కారు. మోటారులో తీగ చుట్ల సంఖ్య తగ్గేకొద్దీ వేగం, విద్యుత్ వినియోగం పెరుగుతాయి. అందువల్ల ‘స్టాక్’ తరగతి పోటీల్లో 17.5 చుట్లు, 21.5 చుట్లు అంటూ ఒక హద్దు నిర్ణయిస్తారు. కొన్ని పోటీల్లో అందరూ ఒకే రకం టైర్లు వాడాలి. మరికొన్ని పోటీల్లో నిర్వాహకులే మోటార్లను పంచుతారు. సంఘం ఆమోదించిన జాబితాలోని బ్యాటరీలను, మోటార్లను మాత్రమే అనుమతించడం మరొక పద్ధతి. పాత నమూనాలపై అభిమానం కూడా చల్లారలేదు. 1984లో వచ్చిన గ్రాస్‌హాపర్ కారును టమియా సంస్థ 2005లోనూ, అదే సంవత్సరం నాటి ఆర్‌సి-10ను అసోసియేటెడ్ సంస్థ 2013లోనూ తిరిగి విడుదల చేశాయి. పాతకార్లకు ప్రత్యేక పోటీలు నిర్వహించేవారూ ఉన్నారు.

ఈ నియమాల అమలుకు పెద్ద సంస్థలు అవసరం లేదు. పదిమంది విద్యార్థులు కూడి, ఒకే తరగతి మోటారు, ఒకే రకం టైర్లు అని ఒప్పందం చేసుకొని, కళాశాల మైదానంలో సున్నంతో బాట గీసుకొన్నా చాలు. ఆ ఒప్పందాన్ని రెండు మూడేళ్లపాటు మార్చకూడదన్న నియమం మరీ ముఖ్యం. అప్పుడు కొత్త నమూనా విడుదలైందన్న వార్త ఎవరినీ కలవరపెట్టదు. విరిగిన భాగాన్ని బాగుచేయడం, గేరు పళ్లు లెక్కించి వేగాన్ని సరిచూసుకోవడం, మలుపులో ఎక్కడ వేగం తగ్గించాలో తెలుసుకోవడం వంటి విద్యలు వెలకు దొరకవు. అవి సాధనతోనే అబ్బుతాయి.

కొత్తదనాన్ని ద్వేషించడం అవివేకం. కొత్తదన్న కారణం చేతనే కోరుకోవడమూ అవివేకమే. ఒక వస్తువు ఆటకు మేలు చేస్తున్నదా, లేక ఆటగానిని బయటికి నెడుతున్నదా అని విచారించిన తరువాతనే దానికి చోటివ్వాలి. తాటిబుర్రల బండినుండి లిథియం బ్యాటరీ కారు వరకు వస్తువు ఎంత మారినా, అందరూ ఒకే గీత వద్ద నిలిచి బయలుదేరడమే పందేనికి మూలం. ఆ గీతను కాపాడుకొనే బాధ్యత ఆడేవారిదే.

ప్రశ్నలు

1. జాతరలో కొన్న రిమోట్ కారుకూ పందెపు కారుకూ గల భేదాలను తెలపండి.
2. కొత్త నమూనాలు తరచుగా వెలువడడానికి గల కారణాలను వివరించండి.
3. “ఒక కొత్త వస్తువు ఒంటరిగా రాదు” – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
4. క్రికెట్, ఈత క్రీడల్లో పరికరాలపై విధించిన నిబంధనలను పేర్కొని, వాటి అవసరాన్ని చర్చించండి.
5. మీ కళాశాలలో తక్కువ ఖర్చుతో ఒక పోటీ నిర్వహించడానికి అవసరమైన నియమావళిని రూపొందించండి.